కుడి నుంచి ఎడమకు

ఇరవై రెండు రాత్రులు
ఒకే మనిషిని ఫోటో తీశాను.
జహ్రాలో, సులైబియాలో, మళ్ళీ జహ్రాలో.
ఆయన పొట్టి.
"కింద కూచుని తీయి" అంటాడు రిఫాత్,
ప్రచారం చూసుకునే ఈజిప్టువాడు,
"తల ఆకాశానికి తగలాలి."
టెంటులో ఆకాశం ఎక్కడిది?
షాండ్లియర్‌కి తగిలించి సరిపెట్టాను.
గదికెళ్ళి ప్యాంటు విప్పితే
మోకాళ్ళ మీద తివాచీ పూలు.

ప్రసంగం నాకు సగమే అర్థమవుతుంది.
ఇళ్ళు, అప్పులు, జీతాలు.
ఈ మాటల్ని ఏ భాషలోనైనా చెయ్యెత్తే చెబుతారు.
చెయ్యి లేవబోతోందని గొంతు ముందే చెప్పేస్తుంది,
బద్వేలులో పెళ్ళిళ్ళు తీసే రోజుల్లో
మేళం మారగానే తాళి అని తెలిసినట్టు.
అప్పుడు లెన్సు మీద అక్షింతలు పడేవి.
ఇప్పుడు దుమ్ము.
తుడిచే గుడ్డ మాత్రం అదే.

ఆయనకు నా పేరు తెలీదు.
"యా ముసవ్విర్" అంటాడు, ఫోటోలవాడా అని.
పిలుపులో విసుగు లేదు, అదీ చెప్పాలి.
ఒక రాత్రి తన పళ్ళెంలోంచే
మాంసం ముక్క తుంచి నా వైపు పెట్టాడు.
తింటూ ఉండిపోయాను.
ఆ రాత్రికి మంచి ఫోటో అదే అయ్యుండేది.

పత్రికకు పంపేటప్పుడు పేర్లు రాయాలి,
కుడి నుంచి ఎడమకు.
మొదటి వారం అందరినీ తారుమారు చేశాను,
ఒక మామగారికి అల్లుడి పేరు పెట్టాను.
ఇప్పుడు తప్పు పోదు.
కుడి నుంచి: అభ్యర్థి, అన్న, చిన్నాన్న,
ఆ చివర గహ్వా పోస్తున్న ఒక చెయ్యి.
చేతికి పేరు రాయరు. కోసేస్తారు.
ఆ చెయ్యి షఫీకుల్‌ది, సిల్హెట్ మనిషి.
కప్పు ఊపితేనే చాలని అర్థమట,
ఊపకపోతే పోస్తూనే ఉంటారట.
నేను పదకొండు కప్పులు తాగాక చెప్పాడు.

ఆడవాళ్ళ టెంటు వేరే.
అక్కడికి కెమెరా పోదు, నేనూ పోను.
పందొమ్మిదో రాత్రి ఆ తెర జరిపి
ఒకామె టీ పట్టుకొచ్చింది.
"ఏమన్నా, తెలుగోనివా?
చూడంగానే అనుకుంటి.
ఇట్ల గుంజకానుకోని నిలబడేది మనోళ్ళే."
చిట్వేలట. ఓబులమ్మ.
అభ్యర్థి అక్కగారింట్లో తొమ్మిదేళ్ళు.
"ఈయప్ప గెలుస్తాడా?" అడిగాను.
"గెలిస్తే వంటలు, ఓడితే వంటలు.
ఓడితే రోంత తక్కువమంది తింటారు."
నవ్వాగలేదు నాకు. రిఫాత్ గుర్రుమని చూశాడు.

ఓటు మాట వచ్చింది.
ఇక్కడ మాకిద్దరికీ లేదు. అక్కడ ఉంది.
"నాది ప్రతిసారీ పడతానే ఉండాదంట," అంది,
"ఎవురేస్తాండారో, పుణ్యాత్ములు."
నా వేలు చూసుకున్నాను.
సిరా తగిలి పన్నెండేళ్ళు.
షట్టరు నొక్కీ నొక్కీ కాయ కాసింది.

ఇరవై మూడో రాత్రి
అరవై ఒక్క ఓట్లతో ఓడిపోయాడు.
మూడింటికల్లా టెంటు ఖాళీ.
రెండొందల కుర్చీల మధ్య ఆయన ఒక్కడు,
తలగుడ్డ తీసి మోకాలి మీద పెట్టుకుని.
బట్టతల. ఇన్ని రాత్రులూ దొరకనిది.
కెమెరా ఎత్తాను.
"యా ముసవ్విర్" అన్నాడు,
ఆపమనో, తీయమనో.
అది నాకు అర్థం కాని సగం.
తీయలేదు.
రిఫాత్ నాకింకా మూడు రాత్రుల డబ్బివ్వాలని
అప్పుడే గుర్తొచ్చింది కూడా.

వెనకాల ఓబులమ్మ డేక్సాలు తోముతోంది.
"అన్నా, నన్నొకటి తీయి.
ముఖమొద్దు, చేతులు.
ముబారకియాలో గాజులు తీసుకుంటి,
మా చెల్లెలు నమ్మల్ల గదా."
సబ్బు నురగలో రెండు బంగారు గాజులు.
ఖాళీ గహ్వా కూజాతో వచ్చిన షఫీకుల్
పక్కనుంచి తన చెయ్యీ పెట్టాడు, ఇకిలిస్తూ.
ఎవరూ చెప్పకుండానే మోకాళ్ళ మీద కూచున్నాను.

అలవాటుగా కింద రాశాను:
కుడి నుంచి షఫీకుల్, ఓబులమ్మ.
చిట్వేలు పోయే ఫోటో కదా అని
'ఎడమ నుంచి' అని మార్చాను,
పేర్లు తిప్పడం మరిచిపోయి పంపేశాను.

ఇప్పుడు ఆ ఊళ్ళో
గాజులు షఫీకుల్‌వి.