షేడ్ కార్డులో లేదు

పూర్ణా మార్కెట్ వెనక సందులో
రంగులు కలిపే మిషను దగ్గర నా కొలువు.
గోడ పెచ్చు తెచ్చి చూపిస్తే చాలు,
నలుపెన్ని చుక్కలో పసుపెంతో కంటితోనే చెప్పేస్తాను.

అలాంటిది, నా ముంగాలి మీద మచ్చకి
పేరు దొరకలేదు.

పోర్టు బొగ్గు దుమ్మనుకున్నాను మొదట.
పీచుతో రుద్దాను. సిగ్గు విడిచి థిన్నరుతో కూడా తుడిచాను.
చర్మం ఎర్రబడింది,
దాని కింద నీలం అలాగే ఉంది.

రెండేళ్లు మింగాను, మినోసైక్లిన్, రోజుకొక గొట్టం.
అంతకు ముందు కొనేవాళ్లు
నా కళ్లతో కాదు, దవడ మీది మొటిమలతో మాట్లాడేవారు.
మొహం చదునైంది.
రంగు మాత్రం కాళ్లలోకి దిగింది,
తర్వాత చిగుళ్లకి, ఎడమ బొటనవేలి గోటికి.

కేజీహెచ్ చర్మం ఓపీలో డాక్టరమ్మ
లెన్సు పెట్టి చూసి "చాలా రేర్" అంది,
నాకేదో లాటరీ తగిలినట్టు.
ఆరుగురు స్టూడెంట్లని పిలిచింది.
పాంటు మోకాలి దాకా మడిచి, బల్ల మీద నేను.
"స్లేట్ గ్రే" అని రాసుకుంది ఒకమ్మాయి.
కాదమ్మా, స్లేట్ గ్రేలో పచ్చ కలుస్తుంది,
ఇందులో లేదు, అన్నాను.
అందరూ నవ్వారు.
ఆ అమ్మాయి మాత్రం కొట్టేసి ఇంకేదో రాసింది.

మందు ఆపెయ్యండి. పోతుంది, ఏళ్లు పట్టొచ్చు.
పోకపోవచ్చు కూడా.

ఆ రాత్రి షట్టరు దించి కలపడం మొదలెట్టాను.
తెలుపు లీటరు. నలుపు తొమ్మిది చుక్కలు. నీలం పదకొండు.
ఊదా ఒక్కటంటే ఒక్కటే:
తగ్గితే ఇనుము, ఎక్కువైతే దెబ్బ తిన్న ఒళ్లు.
నాలుగో రాత్రి కుదిరింది.
వేలితో కాలికి రాస్తే
ఎక్కడిదాకా పెయింటో ఎక్కణ్ణించి నేనో తెలీలేదు.

ఫిషింగ్ హార్బర్ నుంచి మైలపిల్లి ఎల్లాజీ వచ్చాడు.
కొత్త పడవ. కార్డంతా తిప్పి పక్కన పడేశాడు.
"వానకి ముందర గాలి ఆగిపోతాది సూడు,
అప్పుడు నీరుండే రంగు. ఉందేటి?"

పాంటు మడిచాను.

వంగి చూశాడు. అయ్యో అనలేదు. ఏమైందనీ అడగలేదు.
"అదే. నాలుగు డబ్బాలు కట్టు."
బిల్లులో షేడ్ నంబరు గడి దగ్గర పెన్ను ఆగింది.
సన్నిబాబు, అని రాశాను.

ఏడాదికే ఉప్పు తినేసింది పడవని.
మళ్లీ రంగుకొచ్చాడు.
"మరి నీది?"
చూపించాను.
కాసేపు చూసి, బొటనవేలితో ఒకసారి గీకి
"గట్టి సరుకే" అన్నాడు.