ఫ్రిజ్ ఆపేసిన రాత్రులు

మొదటి రాత్రి చీపురు కర్రతో పైకప్పు పొడిచాను.
కుతాయిసిలో మా తొమ్మిదంతస్తుల మేడకి గోడలు పేరుకే;
ఏడో అంతస్తులో నెస్తాన్ తుమ్మితే
ఆరో అంతస్తులో నాకు జలుబు చేస్తుంది.

అప్పటికే పదకొండు దాటింది.
చొంగూరి మీద అదే ముక్క, పద్నాలుగోసారి.
మూడు పొడుగు తీగలూ బుద్ధిగానే ఉన్నాయి,
పక్కనున్న పొట్టి తీగే మాట వినడం లేదు.
లెక్కపెట్టానంటే విన్నట్టేగా.
ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

మర్నాడు ఆమే దిగొచ్చింది, చేతిలో సగం రొట్టె.
క్షమాపణ అనుకున్నాను. కాదు.
"అవ్తాందిల్, మీ ఫ్రిజ్ గొంతు నా పాటలో పడుతోంది.
పదకొండు నుంచి రెండు దాకా ఆపగలరా?"

ముప్ఫై ఏళ్లు ట్రాలీబస్సు తోలినవాణ్ణి.
ఆపమని అరిచినవాళ్లున్నారు, కదలమని తిట్టినవాళ్లున్నారు.
ఇంత మర్యాదగా అడిగినవాళ్లు లేరు.
ప్లగ్గు పీకాను.

ఆ చలికాలమంతా మా మెట్ల మీద సంగీతం ఎక్కింది.
రొట్టెల బట్టీ నుంచి గోచా వచ్చేవాడు, కనుబొమల్లో పిండితో;
తెల్లవారుజామున నాలుక్కి మళ్లీ బట్టీ ముట్టించాలి గనక
నెమ్మది పాటల్ని కూడా డోలు మీద పరుగెత్తించేవాడు.
త్సియాలా వచ్చేది, ఒపేరాలో పింఛను పుచ్చుకున్న మనిషి,
వెనకాల ఆమెకన్నా ఎత్తయిన డబుల్ బాస్.
మా లిఫ్టు పది తెత్రీల నాణెం మింగితే గాని కదలదు,
మింగినా బాస్‌ని రానివ్వదు.
ఏడంతస్తులూ ఒక కొస గోచా, ఒక కొస నేను.
నా నడుము ఇంకా ఆ శ్రుతిలోనే మూలుగుతోంది.

అరువు మైకులు రెండు. కిటికీకి అడ్డంగా పరుపు,
అది ఆమె పడుకునే పరుపే.
ల్యాప్‌టాప్ ముందు వాఖో అనే కుర్రాడు,
చెవులు మూసుకుని అందరికన్నా ఎక్కువ వినేవాడు.
డబ్బు చాలక, ఇంకా పుట్టని పాటలకి
నెస్తాన్ రసీదులు రాసి అమ్మింది
చేపల అంగట్లో, పళ్ల డాక్టరు గుమ్మంలో.
మూడో నంబరు రసీదు నాది.
కరిగిపోయిన వెన్న లెక్క అందులో కలపలేదు.

ఒక్క మనిషి మాత్రం రాలేదు.
ఐదో పాటకి రెండో గొంతు కావాలి,
అది ఎవరిదో ఊరందరికీ తెలుసు:
ఎలిసో. నది అవతల గొడుగులు బాగుచేస్తుంది.
ఏం మాట అనుకున్నారో, ఎవరు ముందన్నారో,
పదహారేళ్లుగా ఎవరూ కదపలేదు.
నెస్తాన్ రెండుసార్లు కబురంపింది.
మొదటిదానికి జవాబు లేదు.
రెండోదానికి ఆల్‌బుఖారా పచ్చడి సీసా వచ్చింది, చీటీ లేకుండా.
దాని అర్థమేమిటో నలుగురం రాత్రంతా
రొట్టెకి నంజుకుని చూశాం.
తేలలేదు.

ఇంకెవరితోనైనా పాడిద్దామన్నాడు వాఖో.
ఆ చోట ఎనిమిది లెక్కల సేపు
ఎవరూ ఏమీ వాయించొద్దంది ఆమె.
"తప్పు పడిందనుకుంటారు," అన్నాడు గోచా.
"అనుకోనీ. పీట వేసి ఉంచాను. అంతే."

ఏమీ చెయ్యకుండా ఉండటం
అంత జాగ్రత్తగా నేనెన్నడూ చెయ్యలేదు.
ఫ్రిజ్ ఆపాను. గడియారాన్ని దిండు కింద కుక్కాను.
చెప్పులు విప్పి మంచం మీద కూర్చుని,
పైన పాట ఆగగానే ఊపిరి బిగబట్టాను.
ఆరో లెక్క దగ్గర
కింద ఎవరో లిఫ్టులో నాణెం వేశారు.

చెరిపేస్తానన్నాడు వాఖో.
నెస్తాన్ చాలాసేపు మాట్లాడలేదట. ఉంచమందట.

వేసవిలో డిస్కు వచ్చింది.
అట్ట మీద పేర్లు కళ్లద్దాలు పెట్టుకుని చదివాను.
డోలు గోచా, బాస్ త్సియాలా, అందరి తర్వాత చీమల్లాంటి అక్షరాల్లో
"ఆరో అంతస్తు, అవ్తాందిల్."
వాద్యం ఏమిటో రాయలేదు.

ఐదో పాట పెట్టుకుంటే ఇప్పటికీ ఫ్రిజ్ ఆపేస్తాను.
నాణెం పడుతుంది.
పాట మళ్లీ అందుకున్నాక, దాని అడుగున
సన్నగా లిఫ్టు ఎక్కుతూనే ఉంటుంది.
తలుపు తెరుచుకున్న చప్పుడు మాత్రం
ఇంతవరకూ నా చెవిన పడలేదు.