వాడిక పాలు

పలమనేరు నుంచి గుడియాత్తం పోయే మొదటి బస్సు రాకముందే
మబ్బులోనే పాలు పితుక్కోని
క్యాను మోచేతికి తగిలించుకోని నేను పోయేసరికి
సిస్టరమ్మల వంటింట్లో లైటు ఎలగతా ఉంటాది.
గేటుకాడి కుక్క నన్ను చూసి తల గూడా ఎత్తదు.
పద్నాలుగేండ్ల వాడిక.
నా కాళ్ల చప్పుడు దాని తల్లికీ తెలుసు.

లోపల, మంచం పట్టనంత గదిలో
నలుగురూ పాడుకుంటా ఉంటారు.
తెలుగు పాటే. అయినా
లిగోరి సిస్టరమ్మ కేరళ నోట్లో నలిగి
వేరే ఊరి పాటయి బయటికొస్తాది.
ఆయమ్మ గొంతు ముందు నడస్తాది,
జార్ఖండు పిల్ల బెనీటది పరిగెత్తి అందుకుంటాది,
ఫిరంగిపురం శౌరీలమ్మది
కళ్లంలో కూలోళ్లను కేకేసినట్టుంటాది.
నాలుగో ఆమె అనన్సియాత పెదాలు కదిలిస్తాది, అంతే.
నేను మెట్టు మీద కూచోని
రెండు లీటర్లు కొలిచి, పైన కొసరు పోసి,
మూత పెట్టినాక గూడా లేవను.

ఏడు కొట్టేసరికి ఆస్పత్రి వరండా నిండిపోతాది.
ఆస్పత్రంటే ఒక రేకుల గది, ఒక బల్ల, ఒక గాజు బీరువా.
చక్కెర జబ్బు కాలు చాపుకోని నడిపన్న.
"బెల్లం తిన్నావా?"
"లేదు తల్లీ."
"నోరు అబద్ధం చెప్తాది నడిపన్నా, కాలు చెప్పదు"
అంటా లిగోరమ్మ చీము తుడస్తాది.
మేము ముక్కుకు కొంగడ్డం పెట్టుకుంటాము.
ఆయమ్మ ఇంకా దగ్గరికి వంగతాది,
సూదిలో దారం ఎక్కించేదాని మాదిరి.

కొట్లాడుకుంటారు గూడా. ఎందుకు దాచిపెట్టాల!
చారులో ఉప్పుకు ఒకనాడు, స్కూటరు తాళానికి ఒకనాడు.
పోయిన మార్గశిరంలో శౌరీలమ్మా అనన్సియాతా
మూడు దినాలు మాట్లాడుకోలే.
నాలుగో దినం నేను అనపకాయలు తీస్కపోయి ఇస్తే
ఒకే చేటకు ఆ పక్కొకరు ఈ పక్కొకరు కూచోని
గింజలొలస్తా, తోలు పితకతా,
సగం చేట అయినాక
"పుచ్చుది పడేయ్" అనింది ఒకామె.
"చూసినాలే" అనింది ఇంకొకామె.
రాత్రికి పితికిపప్పు. నాకూ ఒక గిన్నె పంపినారు.

ఏనుగులు టమోటా తోటలో పడిన రాత్రి
ఊరంతా డబ్బాలు కొడతా అరస్తా ఉంటే
అన్నం తట్టా గంటె పట్టుకోని బెనీట వచ్చింది.
"బయం లేదా పాపా?"
"మా ఊళ్లో గూడా ఇంతే ఆంటీ" అని
మా అందరికంటే గట్టిగా కొట్టింది.
ఆ సొట్టల తట్టలోనే ఇప్పటికీ తింటాది.

మే నెల్లో ఒక కాయితం వచ్చింది.
లిగోరమ్మ అనంతపురం పక్క ఏదో ఊరికి పోవాలంట.
పంతొమ్మిదేండ్లు ఈడ. పెట్టి మాత్రం ఒకటే,
నా కూతురు హాస్టలుకు తీస్కపోయిన దానికంటే చిన్నది.
"పోనని చెప్పకూడదా?" అని అడిగినా.
ఆయమ్మ కళ్లద్దాలు తుడుచుకోని
"ఈ నెల పాలు ఎన్ని దినాలకు లెక్క, చెంగమ్మా?" అనింది.
చిల్లరతో సహా ఇచ్చేసింది.
నాకు కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది.

ఆయమ్మ పోయిన మర్నాడు, మబ్బులో, అదే మెట్టు.
లైటు ఎలగతానే ఉంది. పొయ్యి మీద నీళ్లు కాగతానే ఉన్నాయి.
లోపల పాట ఎత్తుకునేవాళ్లు లేరు.
శౌరీలమ్మ దగ్గింది.
పుస్తకంలో కాయితాలు తిప్పిన చప్పుడు.
బెనీట రవంత ఎత్తుకోని, మరీ పైకి పోయి, ఆపేసింది.

నాకు వాళ్ల దేవుడి సంగతి ఏమీ తెల్దు.
మా ఇంటి ఇలవేల్పు గంగమ్మ.
కానీ పద్నాలుగేండ్లు విన్నది యాడికి పోతాది?
క్యాను పక్కన పెట్టి
మొదటి ముక్క నేనే ఎత్తుకున్నా,
లిగోరమ్మ నలిపినట్టే నలిపి,
ఆయమ్మ సాగదీసిన కాడల్లా సాగదీసి.

లోపల ఒక గడియ ఏమీ లేదు.
తర్వాత ఒక గొంతు, ఇంకొక గొంతు,
ఎప్పుడూ ఇనపడని అనన్సియాతది గూడా,
నా ఎనకాల వచ్చి నిలబడినాయి.

గేటుకాడ కుక్క
తలెత్తి నా పక్క చూసింది.