ఖాళీ ఉంది

నెల్లిమర్ల మిల్లు గేటుకి
మా నాన్న చూసిన రేకు మీద మూడే మాటలు:
"పనులు లేవు. పొండి."
తిట్టుకుంటూ సైకిలు తిప్పేవాడు గానీ
ఇంకోచోట అడగడానికి పొద్దు మిగిలేది.

నేను విజయనగరంలో, రైలు గేటు పక్క మేడ మీద,
సోమవారం విడిచి సోమవారం
"ఖాళీ ఉంది" అన్నదానికి కొత్త తారీఖు వేస్తాను.
సపోర్ట్ ఇంజనీరు. ఒక పోస్టు. అర్జెంటు.
ఈ అర్జెంటుకి పద్నాలుగు నెలలు.

ఎందుకు సార్, అని ఒకసారి అడిగాను.
హైదరాబాదు గొంతు నవ్వింది.
"డబ్బు పెట్టినవాళ్ళు చూస్తారమ్మా.
కుర్చీలు వేస్తుంటే పెళ్ళి ఉందనుకుంటారు."
ఇంకో రోజు బడ్జెట్ అన్నాడు.
ఇంకో రోజు, రేపెవరైనా మానేస్తే
చేతిలో పేర్లుండాలి కదా అన్నాడు.
ఆపైన అడగలేదు,
అడిగితే నా కుర్చీ గుర్తొస్తుందేమోనని.

పేర్లున్నాయి. పదకొండు వందల నలభై.
ధాన్యం కాదు కదా, పురుగు పట్టదు,
గాదెలో పోసి మరిచిపోవచ్చు.
అందులో పేడాడ ఢిల్లేశ్వరి ఏడుసార్లుంది.
ప్రతిసారీ కొత్త సర్టిఫికెట్టు,
ఫొటోలో మాత్రం అదే ఆకుపచ్చ చున్నీ.

"పరిశీలనలో ఉంది" అని చెప్పమంటే ఫోన్ చేశాను.
"నాలో ఏటి తక్కువో సెప్పండి మేడమ్,
నేర్సుకుంటాను," అంది.
అప్పుడే పలాస పాసింజరు కూత,
కిటికీలోంచి ఒకసారి,
అర క్షణం ఆగి ఫోన్లోంచి ఇంకోసారి.
గేటుకి అటువైపే ఎక్కడో ఉంది పిల్ల.

ఏటీ తక్కువ లేదమ్మా, అనాలి.
"సిగ్నల్ సరిగా లేదు," అన్నాను.

మీకు ఒక సంగతి చెప్పలేదు.
ఆ పోస్టు నా పక్క కుర్చీదే.
ఈ బ్రాంచిలో కస్టమర్ల మొర వినేదీ నేనే,
ప్రకటన వేసేదీ నేనే.
"మనిషొస్తోంది, ప్రకటన చూశావుగా" అంటే
చూశాను కదా అని,
నేను రాసింది నేనే నమ్మి
ఆఖరి బస్సు దాకా ఇద్దరి పని చేశాను.
ఆ కుర్చీకి ప్లాస్టిక్ కవరైనా తీయలేదు.
నా క్యారేజీ సంచి కూర్చుంటుంది దానిమీద,
జీతం అడగదు.

ఈవేళ సోమవారం.
సంచి తీసి కింద పెట్టాను.
కవరు చింపుతుంటే
ఎంత చప్పుడో, చిన్న గదిలో.
గేటు లేచింది. అటు జనం ఇటు వస్తున్నారు,
ఆకుపచ్చ చున్నీలు రెండో మూడో ఉన్నాయి.
తారీఖు ఇంకా మార్చలేదు.