డాలుకు నంబరు

దోహా సనయ్యల ఇరవై మూడో గల్లీ.
మా రూముల ఆరు మంచాలు, మూడు చార్జర్లు.
ఏసీ నీళ్లు బకెట్ల పడే చప్పుడు తప్ప
శుక్రారం పొద్దున ఇంకో చప్పుడు లేదు.
అందరం కోటల ఉన్నం.

కోటంటే ఫోన్లది.
రాత్రి కాపలా కాసెటోళ్లకు రాగి నాణేలు,
ఉత్తరం బురుజు ఎక్కినోళ్లకు వెండి గుర్రం,
నలభై శుక్రారాలు కన్ను ఆర్పకుంట కూసుంటే
ఒక డాలు.
గల్లీ మొత్తంల అది లింబాద్రికే ఉండె.
పొద్దంతా పరంజా కట్టి వచ్చిన చేతులు,
బొటనవేలు మీద బొబ్బ,
ఆ బొబ్బతోనే గెలిచిండు.
వాని వంట వంతులు మేం చేసిన రోజులు కూడా కలిపితే
ఆ డాలు ఖరీదు మాకు ఎరికే.

పోయిన నెల కోటను ఎవరో కొన్నరు.
పెద్ద కంపెనీ చిన్నదాన్ని మింగిందట,
ఆ పెద్దదాన్ని ఇంకోటి మింగబోతుందట.
మాకు కనబడ్డదల్లా
ఆట తెరవంగనే సకిలించే గుర్రం బొమ్మ పోయి
ఏదో నీలం సున్న వచ్చుడు.
దాని కింద ఉత్తరం:
"ప్రియమైన వీరులారా, శుభవార్త.
ఇకనుంచి మీ వస్తువులకు మీరే యజమానులు.
ప్రతి డాలుకు బ్లాక్‌చెయిన్ మీద ఒక నంబరు.
లోకంలో అలాంటిది ఒక్కటే.
నమోదు రుసుము డెబ్భై రియాళ్లు."

లింబాద్రి రెండుసార్లు చదివించుకున్నడు.
"గిన్నొద్దులు మరి ఎవనిదిరా అది?" అన్నడు.

సత్తిపండుది రాజోలు.
"ఓరి బాబూ, కట్టిపడెయ్.
రేపొద్దున్న ఏ షేకు కొడుకో ఏడు వేలకి అడుగుతాడు,
వీసా అప్పు తీరిపోద్ది."
వాడు ఇదివరకే ఒక నెమలి బొమ్మ కొన్నడు,
దానికీ నంబరుంది.
ఇప్పుడెంత పలుకుతుందిరా అంటే
తువ్వాల భుజానేసుకొని తానానికి పోతడు.

కోరుట్ల ఇస్మాయిల్ మొబైల్ దుకాణంల చేస్తడు.
"ఆట ఆట లెక్కుండాలె భాయ్.
ఇదీ దుకాణమైతే, డ్యూటీ దిగి మళ్ల డ్యూటీ ఎక్కినట్టే.
ఎట్ల గెలిచినవని ఎవడడుగుతడు ఇగ,
ఎంత పెట్టినవని అడుగుతరు."
అని ఫోన్ బోర్లేసిండు.
ఐదు నిమిషాలకు మళ్ల తీసిండు.

నేనేం అనలే.
ఆ వారమే మా కంపెనీని కూడా ఎవరో కొన్నరు.
హెల్మెట్ల మీద పాత పేరు గీకి
కొత్త స్టిక్కర్లు అంటించిన్రు.
అదే బస్సు, అదే ఫోర్‌మన్,
అదే మధ్యాహ్నం పులిసిన పప్పు.
సర్వీసు మాత్రం ఒకటో తారీఖు నుంచి మొదలట.
నా ఎనిమిదేండ్లు
ఏ గుర్రం బొమ్మ ఎంబడి పోయినయో.

నా బతాక మీద పదకొండు అంకెలు.
నిద్రల లేపి అడిగినా తప్పు చెప్ప.
లోకంలో అలాంటిది ఒక్కటే.
వెనక్కి తిప్పితే యజమాని పేరుంటది,
అది నాది కాదు.

దిల్ బహదూర్ నేపాలోడు, మా లొల్లి సగం అర్థం కాదు.
అతను గెలువడు, ఓడడు.
కోట వెనక తలుపు తోసుకొని పోతే
ఆట చేసినోడెవడో పనిలేక గీసిన సముద్రపు ఒడ్డుంది.
అక్కడ శత్రువుల్లేరు, నాణేలు రాలవు,
అలలు కూడా మూడే, మళ్ల మళ్ల అవే వస్తయి.
తన సిపాయిని అక్కడ కూసోబెట్టి
రొట్టెల పిండి పిసుకుతడు.
అసలు సముద్రం దగ్గరికీ పోవచ్చు,
ఇస్త్రీ అంగీ, బస్సు కార్డు, సోపతి కావాలె.

కొత్తోళ్లు ఆ ఒడ్డు తీసేస్తరట.
పైస రాని జాగ.

నిన్న రాత్రి లింబాద్రి
నంబరు లేని డాలు పట్టుకొని అక్కడికి నడిచిండు.
సత్తిపండు గొణుక్కుంటనే వెంబడి వచ్చిండు.
ఇస్మాయిల్ ఫోన్ల నాలుగు శాతం చార్జింగ్.
ఆరో మంచపోడు నైట్ డ్యూటీల ఉండె.
ఐదుగురు సిపాయిలం వరసగ కూసున్నం
ఇసుకల, మాటల్లేకుంట,
మూడలలు వచ్చిపోతుంటే చూసుకుంట.

ఎంత సేపైందో,
నాకు కాళ్లు తడిసినట్టయింది.

బకెట్ నిండి పొర్లుతుంది.
ఎవరం లేవలే.