ఒకటి నుంచి ఐదు దాకా

బడి అయిపోయింది. వాన అయిపోలేదు.
అచావోలో వాన అయిపోదు,
కాసేపు గొంతు తగ్గిస్తుంది, అంతే.
కట్టెల పొయ్యి దగ్గరికి కుర్చీ లాక్కుని
ఏడో తరగతి పిల్లల అభిప్రాయ పత్రాలు చదువుతున్నాను.

రాజధాని నుంచి ట్యాబ్లెట్లు వచ్చి ఆరు వారాలు.
పాఠం పేరు 'ఎర్ర కెరటం'.
సముద్రం పక్కన పుట్టిన పిల్లలకి
సముద్రంతోనే సైన్సు చెప్పాలట,
చదువుని బతుకు పక్కకి జరపాలట.
నాకూ నచ్చింది ఆ మాట.
ఇరవై ఏళ్లుగా, ఎన్నడూ చూడని ఒంటెకి
బోర్డు మీద మూపురం గీసినదాన్ని.

'ఈ పాఠం మీ జీవితానికి దగ్గరగా అనిపించిందా?
ఒకటి నుంచి ఐదు లోపు
ఒక అంకెకి సున్నా చుట్టండి.'

ఎలిసెయో ఐదుకి చుట్టాడు.
కారణం: నోట్సు రాయక్కర్లేదు.
బెనిసియో మూడు. బొమ్మలో పడవకి వేసిన ముడి తప్పట,
అలా కడితే తెల్లారేసరికి పడవ ఉండదట.
యానారా రాసింది:
"వీడియోలో తోమాస్ గుల్లలు ఏరుతుంటాడు కదా,
వాడి గోళ్లు అంత శుభ్రంగా ఎందుకున్నాయి?
వాడు మా బడికొస్తే నేను పక్కన కూర్చోను."
పేరు రాయనివాడొకడు:
"మా ఇంటి దగ్గర సిగ్నల్ లేదు. కొండెక్కి హోంవర్కు చేశాను.
అక్కణ్ణుంచి సముద్రం బాగా కనబడింది.
దానికేమైనా మార్కులున్నాయా?"

నవ్వుకున్నాను. పొయ్యిలో కట్టె చిటపటమంది.

అడుగున మిల్లరాయ్ కాగితం.

తెర మీద నీటి వేడి పెంచే గీత ఒకటుంటుంది.
వేలితో కుడికి లాగితే నాచు పెరుగుతుంది,
నీలం కాస్తా తుప్పు, తుప్పు కాస్తా నెత్తురు.
అందరూ చివరిదాకా లాగేసి ఒకటే కేకలు,
"టీచర్, నాదే అందరికంటే ఎరుపు!"
మిల్లరాయ్ గీత మీద వేలు పెట్టి
అలాగే ఉంచింది.

ప్రశ్నలకి మాత్రం అన్నిటికీ తనే.
ఉడకబెడితే విషం పోతుందా? పోదు.
నిమ్మకాయ పిండితే? పోదు.
తిమ్మిరి ముందు ఎక్కడ? పెదాల దగ్గర.
ట్యాబ్లెట్ దానికి బంగారు నక్షత్రం ఇచ్చింది.
కొట్టిన పిండి మరి.
తీరం మూసేసిన ఏడాది
గుల్లల ఫ్యాక్టరీ గేటు ముందు టైర్లు తగలబెట్టిన ఆడవాళ్లలో
వాళ్లమ్మ ఉంది.
ఆ చలికాలమంతా ఆ ఇంట్లో
కూరా బంగాళాదుంపే, రొట్టే బంగాళాదుంపే.
నాకు తెలుసు.
తెలిసే, పేజీ తెరవమన్నాను.

కాగితం మీద ఏ అంకెకీ సున్నా లేదు.
ఐదు పక్కన ఖాళీలో తొమ్మిది వేసి
దానికి చుట్టింది.
కింద, గుండ్రటి అక్షరాల్లో:
"మరీ దగ్గరగా అనిపించింది, టీచర్.
కాస్త దూరం జరుపుతారా?
నాకు శనిగ్రహం వలయాల గురించి చదవాలనుంది."

రేపటిలోగా లెక్కలు పంపాలి.
పట్టికలో తొమ్మిది ఎక్కించబోతే కంప్యూటర్ ఒప్పుకోలేదు,
ఐదు దాటితే చెల్లదట.
రెండోసారి కొట్టాను. మూడోసారి కొట్టలేదు.

బీరువా అడుగున పాత సుద్దముక్కల డబ్బా దొరికింది.
తడి పీల్చి మెత్తబడ్డాయి.
ఒకటి పొయ్యి అంచున ఆరబెట్టాను.
వలయాలు గీసి చాలా కాలమైంది.
గ్రహం వెనక్కి వెళ్లేచోట గీత ఆపాలి కదూ?