ఇరవై మూడో కుప్ప

రిటైరై నాలుగు నెలలు.
ఇనప్పెట్టె అడుగున పాత ఫీల్డు నోట్లు,
ఉప్పుగాలికి ఉబ్బిన కాగితాలు.
ఒక పేజీకి కవళ్ల పొలుసొకటి
ఇంకా అంటుకునే ఉంది, తపాలా బిళ్లలా.

ఎనభై ఏడు, మాఘమాసం.
కళింగపట్నం లైటుహౌసు నీడ చేరని పేట.
మనిషిలో మంచి ఎప్పుడు మొలిచిందో
తేల్చడానికి వెళ్లాను.
నాకు ఇరవై ఏడేళ్లు.
ప్రశ్నకి కొన్ని లక్షలు.

చేతిలో పది రూపాయి బిళ్లలు పెట్టి
"కనపడని మనిషికి ఇందులో ఎంతిస్తావు?"
అని అడగడం మా పరీక్ష.
సూరాడ దానయ్య బిళ్లల్ని తిప్పి తిప్పి చూశాడు.
"ఎవులాడు?"
చెప్పకూడదన్నాను.
"తిన్నాడా, నేదా?"
అదీ చెప్పకూడదు.
"మరి నానెలాగిచ్చీది?
మొకం సూడకుండా ఇత్తే దానం కాదమ్మా,
పారెయ్యడం."
'జవాబు రాలేదు' అని రాసుకున్నాను.

రోజూ పొద్దున్న అలివి వల ఒడ్డుకి రాగానే
తడి ఇసుక మీద కుప్పలు.
వల ఆసామికి రెండు,
తాడు లాగిన పందొమ్మిది మందికి తలా ఒకటి,
ఇంకొకటి బోసమ్మకి.
మొగుణ్ని సముద్రం ఉంచుకుంది, తొమ్మిదేళ్లయింది.
పిల్లల్లేరు. తాడు పట్టే చేతులూ కావు.
తిరిగి రాదని తెలిసీ ఎందుకిస్తారు?
ఆ ఒక్క కుప్ప మీద బతుకంతా కట్టుకున్నాను:
డాక్టరేటు, ప్రొఫెసరు కుర్చీ,
చలిదేశాల్లో మూడు సభలు, చప్పట్లు.
నా పట్టికలో బోసమ్మ పేరు
'ఇరవై రెండు'.

ఇప్పుడు, కొత్త కళ్లద్దాలతో కూడి చూస్తే
పేర్లు ఇరవై రెండే.
కుప్పలు ఇరవై మూడు.
ఏ ఒక్కరోజు పొరపాటో కాదు,
నూటపద్నాలుగు రోజులూ అంతే.
నా చేత్తోనే రాశాను.
కూడినప్పుడు వదిలేశాను.

తెల్లారగట్ల వాసన తట్టింది.
గనగళ్ల తోటమ్మ ఇల్లు, సత్తు కంచం,
చింతకాయ వేసిన నెత్తళ్ల పులుసు.
ప్రతి రాత్రీ పెట్టింది, పైసా తీసుకోలేదు.
పేటలో అందరినీ అన్నీ అడిగినదాన్ని
ఈ చేపలెక్కడివని ఒక్కనాడూ అడగలేదు.
పరాయివాళ్లకి మనిషి ఎందుకు పెడతాడని
ఎంగిలిచేత్తో రాసుకుంటూ పోయాను.

మర్నాడే బయల్దేరాను.
శ్రీకాకుళం కాంప్లెక్సులో బస్సు మారి, నిలబడే ప్రయాణం.
తోటమ్మకి ఎనభై దాటాయి.
చూపు తగ్గింది, నోరు తగ్గలేదు.
గొంతు విని పట్టేసింది: "లెక్కలమ్మా!"
బోసమ్మ పోయి పన్నెండేళ్లట.
దానయ్యా లేడు.
నోటుబుక్కు తెరిచి, అంకె మీద వేలు పెట్టి,
ముప్పై ఏడేళ్లు ఆలస్యమైన దండం పెట్టబోయాను.
ఆవిడ నవ్వింది, దగ్గు తెర వచ్చేదాకా.

"ఓలమ్మ! అది నీ వాటా ఏటి?
పిల్లిది.
ఎలకలు వల కొరికేకుండా కాసీది గదా,
దానికి తీసీవోరు.
నువ్వొచ్చినాక కూర సాలక
నానే ఆ కుప్పలోంచి ఎత్తుకొచ్చీదాన్ని.
దానయ్య సూసీవోడు. సూడనట్టు ఉండీవోడు."

దొంగతనం. దాని పక్కనే మౌనం.
నా మూడు పుస్తకాల్లోనూ వీటికి గడి లేదు.

"మరి పిల్లి?" అన్నాను,
అలవాటు చావక.
"దానికేటి లోటు? నీ కంచంలో ముళ్లన్నీ దానివే.
నువ్వు ముల్లు తియ్యడం రాక
సగం చేప వొగ్గీసీదానివి."

పెన్ను తీశాను.
ఇరవై మూడో గీత ఖాళీగా ఉంది.
ఆ పిల్లి పేరేమిటన్నాను.
"పిల్లికి పేరేటమ్మా," అంది,
గోడ తడుముకుంటూ పొయ్యి దగ్గరికి నడుస్తూ,
"నువ్వు తిన్నావా, నేదా?"